చలిజ్వరాన్ని కాపాడుకోవడం ఎలా?

బస్తర్‌లో మలేరియా కనుమరుగైపోతుందేమోనని బెంగపెట్టుకున్నవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. కోంటా, భోపాలపట్నం వైపే కాదు, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు ఇవతల చింతూరు, చర్లలోనూ అక్షరాలా పనికొస్తాయి.

ఒంట్లో బాగున్నంతకాలం రక్తపరీక్షకు వేలు చాపకండి. తక్కినవన్నీ మరిచినా ఇదొక్కటి మరవొద్దు. 2020 జనవరిలో 'మలేరియా ముక్త్ బస్తర్' అంటూ సర్కారువాళ్లు ఊరూరా తిరిగి, జ్వరం ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ వదలకుండా వేళ్లు పొడిచారు. తొలి విడతలో 14 లక్షల పైచిలుకు మందిని చూస్తే 64 వేల పైచిలుకు మందిలో క్రిమి దొరికింది. వాళ్లలో సగానికి పైగా జనానికి జ్వరమే లేదు! చిన్నప్పటినుంచీ మళ్లీమళ్లీ జబ్బు పడిన ఒంటికి కొంత ఓర్పు వస్తుంది. క్రిమి రక్తంలో తిరుగుతుంటుంది, మనిషి అడవిలో తిరుగుతుంటాడు. దోమకు అలాంటి మనిషే అక్షయపాత్ర. కాబట్టి ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్ అక్క పరీక్ష కిట్టు పట్టుకుని గుమ్మంలోకి వస్తే "నాకేం రోగం?" అని కసిరి పంపేయండి. చుక్క రక్తంతో పావుగంటలో తేలిపోతుందంటుంది. నమ్మకండి, నిజంగానే తేలిపోతుంది.

దోమ కుట్టాక క్రిమి ముందు కాలేయంలో దాక్కుని వేలకు వేలవుతుంది. తర్వాత ఎర్ర రక్తకణాల్లో దూరుతుంది. అవి ఒక్కసారిగా పగిలినప్పుడు దుప్పట్లు నాలుగు కప్పినా ఆగని వణుకు, ఆ వెనక కాలిపోయే జ్వరం, చివర్న చెమట. చెమట పట్టిందా, జబ్బు దిగిపోయినట్టే లెక్క వేసుకోండి. మూడు రోజుల మాత్రలిస్తే మొదటి రోజువి వేసుకుని, తేలికపడగానే మిగతావి చూరులో దోపండి. ఫాల్సిపారం రకం మలేరియా అని చెప్పి రెండో రోజు ప్రైమాక్విన్ ఇస్తారు, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అది మీ జ్వరం తగ్గించేది కాదు. మీ నెత్తుటిలోంచి దోమలోకి వెళ్లడానికి సిద్ధంగా ఉన్న క్రిముల్ని చంపుతుంది. అంటే మందు మింగేది మీరు, బాగుపడేది పక్కింటివాడు. ఇంతకంటే నష్టబేరం ఉంటుందా?

వైవాక్స్ రకం అయితే 14 రోజుల మందు. వారానికే విసుక్కోండి చాలు. కాలేయంలో నిద్రపోతున్న క్రిమి నెలల తర్వాత లేచి, పాత చుట్టంలా మళ్లీ వస్తుంది.

పిల్లవాడు పాలిపోయి, కడుపులో బల్ల పెరిగితే దిష్టి అనుకోండి. పగిలిన రక్తకణాల చెత్త ఊడ్చీ ఊడ్చీ వాచిపోయిన ప్లీహమే ఆ బల్ల అని డాక్టర్లు అంటారనుకోండి, వాళ్ల చదువు అలాంటిది. జ్వరంలో మాట తడబడి ఫిట్స్ వస్తే గాలి సోకిందని తేల్చి, తెల్లవారేదాకా మంత్రం వేసే వడ్డె ముందు కూర్చోండి. మెదడులోని సన్న రక్తనాళాలు మూసుకుపోతుంటే గంటలు లెక్కలోకి వస్తాయి కనుక, గంటలు గడపడమే ఉపాయం. కాకపోతే కొందరు వడ్డెలు పూజ ముగించి "ఇక ఆస్పత్రికి పొండి" అంటున్నారు. అలాంటివాళ్ల గడప తొక్కకండి.

దోమతెర సంగతి చెప్పేదేముంది. వాగులో చేపలకు వేయండి. తెరకు పట్టించిన దోమల మందుకు చేపపిల్లలు కూడా చస్తాయి, అదొక అదనపు లాభం. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి క్రిమిని చూశాడట. ఆయన చూశాడని మనం రాత్రిపూట తెర కట్టుకోవాలా?

ఇక మిర్చి కోతలకు తెలంగాణ బయల్దేరేటప్పుడు పరీక్ష మాటెత్తకండి. చేలగట్టు గుడిసెలో ఆరుబయట పడుకోండి, అక్కడి దోమలకూ నాలుగు చుక్కలు పంచండి. వచ్చేటప్పుడు వాటి దగ్గర ఉన్నది మీరు తెచ్చుకోవచ్చు. బస్సులో ఈ సామానుకు టికెట్ అడగరు.