నీళ్లకు పాస్‌బుక్ లేదు గానీ...

వరంగల్‌లో నీళ్లకు మతిమరుపు లేదు. 2020 ఆగస్టులో వచ్చిన తోవనే 2023 జులైలో వచ్చాయి. 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుతోనూ అదే తోవ. బొందివాగు, హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్... దారిలో ఎవరినీ అడ్రస్ అడగలేదు. ఎందుకడుగుతాయి? కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టిన నాటి నుంచి శిఖం భూమి వాటిదే. ధరణిలో పేరెక్కలేదు, భూభారతిలోనూ ఎక్కలేదు, అంతే తేడా.

కబ్జాదారులం మనమే. కాకపోతే కాయితాలున్న కబ్జాదారులం. లేఅవుట్, రిజిస్ట్రేషన్, ఇంటి నంబరు, కరెంటు మీటరు, ఏటా ఇంటి పన్ను రశీదు. చెరువులో ప్లాటుకు ఇన్ని ముద్రలు వేసిన సర్కారే, నీళ్లొచ్చాక మునిగిన ఇంటికి 15 వేలు ప్రకటించింది.

సర్వేకు ఒక సారు వచ్చిండు.

“నీళ్లు ఎందాక వచ్చినయ్?”

“నడుం దాకా సార్.”

“ఎవరి నడుం?”

ముసలమ్మ బిత్తరపోయింది. ఫారంలో అడుగుల గడి ఉంది మరి, నడుముల గడి లేదు.

“ఇంటి పన్ను రశీదు తే.”

“అది గూడ మునిగింది బిడ్డా.”

పైన ఢిల్లీలో కొలత ఇంకా కచ్చితం. 2024 సెప్టెంబర్ వరదలకు రాష్ట్రం వేసిన తొలి అంచనా 5,438 కోట్లు. అక్టోబర్ 1న కేంద్రం విడుదల చేసింది 416 కోట్ల 80 లక్షలు. ఆ 80 లక్షలు చూడండి! ఎక్కడా చిల్లర ఎగ్గొట్టలేదు.

అసలు కిటుకు 15వ ఆర్థిక సంఘం లెక్కలో ఉంది. రాష్ట్రాల విపత్తు నిధిలో రూపాయికి 80 పైసలు మునిగినవాళ్లను ఆదుకోవడానికి, 20 పైసలు ముంపు తగ్గించడానికి. న్యాయమే. మునగని వీధిలో ఏ నాయకుడు ప్యాంటు మడిచి నడుస్తాడు? 2020లో అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ వరంగల్ వచ్చి నాలాల మీది కబ్జాలు తీసేయమన్నారు. కొన్ని తీశారు. మూడేళ్లకు భద్రకాళి చెరువు కట్టే తెగింది. ఆ వారమే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజు 649.8 మిల్లీమీటర్ల వాన పడింది కాబట్టి, తప్పు ఆకాశం ఖాతాలో వేశాం. ఆకాశానికి ఎన్నికలుండవు.

కాబట్టి హంటర్ రోడ్డు వాసులకు మనవి. ఈసారి మృగశిర కార్తెకు ముందే ఇంటి పన్ను రశీదు ప్లాస్టిక్ సంచిలో చుట్టి సజ్జ మీద పెట్టుకోండి. బియ్యం సంగతి తర్వాత.