ఇంకా కట్టలేదా మాస్టారూ?

టీ కొట్టు దగ్గర ఫోను తీసి చూపిస్తే అదే మాట. మాచర్ల బస్సులో పక్క సీటాయనకి చూపిస్తే అదే మాట. పొద్దున్నే పాలు పోసే అతనైతే క్యాను పక్కన పెట్టి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి మరీ అన్నాడు: "ఏంది మాస్టారూ, అంత దూరం పోయి చూసొచ్చింది ఇదా? ఇంకా కట్టనే లేదుగా!"

కట్టారు నాయనా. 1880లోనే కట్టేశారు. అది జర్మనీలో కొలోన్ అనే ఊళ్ళో చర్చి. గోపురాలు రెండూ 157 మీటర్లు. పూర్తయిననాడు ప్రపంచంలో దాన్ని మించిన ఎత్తు కట్టడం లేదు. నాలుగేళ్ళకే అమెరికా వాళ్ళు వాషింగ్టన్‌లో ఒక స్తంభం లేపి ఆ పేరు కొట్టేశారు, అది వేరే సంగతి. ఇంత చరిత్ర నేను ఊపిరాడకుండా చెబుతుంటే, అవతలివాడి చూపు మాత్రం ఫోటోలో గోపురం నడుముకి చుట్టిన ఇనప పరంజా మీదే ఉంటుంది. "అయితే మరి ఆ గొట్టాలెందుకు?" అంటాడు.

కొడుకు అక్కడ ఎందుకున్నాడు, మేం ఎందుకెళ్ళాం, వీసాకి ఎన్ని కాయితాలు పెట్టాం, ఆవకాయ సీసా ఎన్ని కవర్లలో చుట్టాం, ఇవేవీ మీకు చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో జరిగే ఉంటుంది. లేకపోతే పక్కింట్లో. నేరుగా చర్చి దగ్గరికి వచ్చేద్దాం. రైలు దిగి స్టేషన్ గుమ్మం దాటితే చాలు, ఆకాశం కనపడకుండా అదే ఉంటుంది. మా ఆవిడ వెంకటగిరి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. మావాడు ఫోను పట్టుకుని వెనక్కి నడిచాడు, పక్కకి నడిచాడు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇటు నిలబడితే పరంజా. అటు నిలబడితే పరంజా, దాంతోపాటు ఎవరిదో సైకిలు. "ఇది ఎప్పుడు తీస్తార్రా?" అన్నాను. "తీయరు నాన్నా. ఇక్కడ తీస్తే అటు పక్కన కడతారు. ఈ చర్చి పని అయిపోయిన రోజు ప్రపంచం అంతమైపోతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం" అన్నాడు. ఆ అంతమేదో మేం ఫోటో దిగాక జరిగినా నాకు అభ్యంతరం లేదు.

నేను సోషల్ మాస్టారుగా రిటైరైనవాణ్ణి. అందుకని ఆ చర్చికి శంకుస్థాపన జరిగింది 1248 ఆగస్టు 15న అని తెలియగానే ఒళ్ళు పులకరించింది. సరిగ్గా మన స్వాతంత్ర్య దినం, కాకపోతే 699 ఏళ్ళు ముందు. అప్పటికి ఇక్కడ గణపతిదేవుడు ఏలుతున్నాడు. 1322కి గర్భగుడి లాంటి భాగం ముగించారు. ఆ తర్వాత మెల్లగా డబ్బులు తగ్గాయి, ఉత్సాహం తగ్గింది, పదహారో శతాబ్దంలో పని ఆగిపోయింది. సగం లేచిన గోపురం మీద చెక్క క్రేను ఒకటి అలాగే ఉండిపోయింది. ఒకటీ రెండూ కాదు, దాదాపు మూడు వందల ఏళ్ళు. ఆ క్రేనే ఆ ఊరికి గుర్తు అయిపోయింది. ఈలోగా ముఖద్వారం ప్లాను కాయితం కూడా పోయింది. చివరికి 1814లో సగం ముక్క డార్మ్‌స్టాట్‌లో ఒక అటక మీదా, రెండేళ్ళ తర్వాత మిగతా సగం పారిస్‌లోనూ దొరికాయి. 1842లో మళ్ళీ మొదలుపెట్టి, ఆ పాత ప్లాను చూసుకుంటూ 1880కి ముగించారు. మొత్తం 632 ఏళ్ళు.

ఈ లెక్క మా ఊరు దుర్గిలో చెప్పి నేను బాగుపడలేదు. టీ కొట్టు బెంచీ మీద ఒక పెద్దాయన ఉంటాడు, కుర్రతనంలో సాగర్ డ్యాము దగ్గర రాళ్ళు మోసిన మనిషి. "ఆరొందల ముప్పై రెండేళ్ళా?" అని బీడీ ఆర్పేశాడు. "1955లో నెహ్రూ వచ్చి రాయేశాడు. 67లో ఇందిరమ్మ వచ్చి కాలవలకి నీళ్ళొదిలింది. పన్నెండేళ్ళల్లో కిష్ణమ్మకి అడ్డంగా రాతిగోడ లేపాం. ఆళ్ళకి మంచి మేస్త్రీ దొరకలేదేమో." సాగర్ రాతి కట్టడమే, 124 మీటర్ల ఎత్తు, కాదనడానికి లేదు. గుక్క తిప్పుకుని, మరి వరికపూడిశెల ఎత్తిపోతల పథకం సంగతేంటని అడిగాను. 2023 నవంబరులో మాచర్లలో దానికి వేసిన శంకుస్థాపన రాయి మొదటిది కాదని బెంచీ మీద అందరికీ తెలుసు. పెద్దాయన ఇంకో బీడీ వెలిగించాడు. జర్మనీ వాళ్ళ లెక్కన చూస్తే మన ఎత్తిపోతలకి ఇంకా బోలెడు టైముంది.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఆ దేశంలో హోటల్లో కూర్చోగానే మన ముందు గ్లాసు నీళ్ళు ఎవరూ పెట్టరు. అడగాలి. అడిగితే, గ్యాసుతోనా, గ్యాసు లేకుండానా అంటారు. మా ఆవిడకి అర్థం కాక తలూపింది. వచ్చింది సోడా. గోళీ ఒక్కటే తక్కువ. "అన్నంలోకి సోడా ఏందిరా?" అని కొడుకుని అడిగితే, ఇక్కడ చాలామంది ఇదే తాగుతారమ్మా అన్నాడు. సీసా మూడు యూరోలు. అంటే మూడొందలకి అటూ ఇటూ. కుళాయి నీళ్ళు నిక్షేపంలా తాగొచ్చట, కానీ హోటల్లో కుళాయి నీళ్ళు అడగడం మర్యాద కాదట. పల్నాడులో పుట్టి, ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన మనిషికి, కుళాయిలో మంచినీళ్ళు పెట్టుకుని మూడొందలు పెట్టి సోడా తాగేవాళ్ళని ఎలా అర్థం చేసుకోవాలో తెలియలేదు. ఇక ఆ తాగిన నీళ్ళు వదలాలంటే స్టేషన్లో ఇంకో యూరో. చిల్లర లేకపోతే బిగబట్టుకోవడమే. ఆ గేటు మనిషి మొహం చూసి తెరుచుకోదు, నాణెం చూసి తెరుచుకుంటుంది.

అయితే సీసాల సంగతి తెలిసాక మా ఆవిడ మనిషే మారిపోయింది. అక్కడ ప్లాస్టిక్ సీసా కొంటే పాతిక సెంట్లు డిపాజిట్ ముందే పట్టుకుంటారు. ఖాళీ సీసా తీసుకెళ్ళి సూపర్‌మార్కెట్‌లో ఒక మిషను నోట్లో పెడితే, అది దాన్ని గుండ్రంగా తిప్పి చూసుకుని, లోపలికి లాక్కుని, చీటీ ఇస్తుంది. పాతిక సెంట్లంటే మన ఇరవై రూపాయల పైమాటే. మా చిన్నప్పుడు మాచర్లలో గోళీసోడా తాగితే బండివాడు సీసా వెనక్కిచ్చేదాకా మన మీదినుంచి చూపు తిప్పేవాడు కాదు. జర్మనీలో ఆ కాపలా పని చట్టం చేస్తోంది, 2003 నుంచీ. ఇది విన్న క్షణం నుంచి మా ఆవిడకి చర్చీలూ, మ్యూజియంలూ, రైన్ నదీ కనపడటం మానేశాయి. సీసాలు కనపడటం మొదలుపెట్టాయి. పార్కు బెంచీ కింద ఒకటి. ట్రాము స్టాపులో రెండు. చెత్తబుట్ట పక్కన నీటుగా నిలబెట్టినవి మూడు. అవి పేదవాళ్ళు ఏరుకోవడానికి జనం కావాలని బయట పెట్టి వెళతారమ్మా, మనం తీయకూడదని మావాడు బతిమాలాడు. "మనమేమన్నా జమీందార్లమా?" అంది. అయినా ఆ మూడూ వదిలేసింది. మేం కొన్నవి మాత్రం ఒక్కటి పోనివ్వలేదు. భుజాన గుడ్డ సంచి, సంచిలో సీసాలు. అడుగేస్తే గలగల. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు కాబట్టి మిషను కూడా సెలవే. మేం గోపురం ఎక్కింది ఆ ఆదివారమే.

గోపురానికి మెట్లు 533. లిఫ్టు లేదు. మనిషి పట్టేంత సందులో చుట్టలు చుట్టుకుంటూ పోవాలి, ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ అదే దారి. ఎదురొచ్చిన ప్రతి జర్మనూ గోడకి అతుక్కుని మా ఆవిడకీ, ఆవిడ సంచికీ దారిచ్చాడు. మధ్యలో గంటల గది వచ్చింది. అక్కడ 1923లో పోతపోసిన గంట ఉంది, 24 టన్నులు. దాని కింద నిలబడి మావాడు చెబుతుంటే వినపడింది సీసాల చప్పుడే. పైన వంద మీటర్ల ఎత్తున ఇనప వలలోంచి చూస్తే నది, నది మీద రైలు వంతెన, వంతెన నిండా ప్రేమికులు వేలాడదీసిన తాళాలు. "తాళాలకి డిపాజిట్ లేదా?" అంది మా ఆవిడ.

కింద పాత ఊరు తిరిగాం. సన్నటి వీధులు, రంగురంగుల ఇళ్ళు. రోమన్లు పెట్టిన ఊరు, రెండు వేల ఏళ్ళ చరిత్ర అంటే భక్తిగా ఒక గోడ ముట్టుకున్నాను. తీరా చూస్తే రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి ఆ ప్రాంతమంతా నేలమట్టమైందట, ఇవి చాలావరకు ఆ తర్వాత లేపినవేనట. అంటే నేను ముట్టుకున్న గోడ ఇంచుమించు నా ఈడుదే. చర్చి మీదా 14 బాంబులు పడ్డాయి, అయినా నిలబడింది. సాయంత్రం మావాడి స్నేహితుడు ఒక బీరు హోటలుకి తీసుకెళ్ళాడు. నేను తాగను కాబట్టి చూస్తూ కూర్చున్నాను. అక్కడి గ్లాసు చిన్నది, 200 మిల్లీలీటర్లు. ఖాళీ అయితే సర్వరు అడగకుండానే ఇంకోటి పెట్టి పోతాడు. గ్లాసు మీద అట్టముక్క బోర్లిస్తేనే ఆపుతాడు, మన పెళ్ళి పంక్తిలో విస్తరి మడిచేదాకా వడ్డించేవాడు ఆగనట్టు. మూడు రోజుల్లో నాకు సొంత ఊరిలా అనిపించిన చోటు అదొక్కటే. అక్కడా మంచినీళ్ళు లేవు.

అన్నీ సరే, పరంజా సంగతి. మేం దుర్గి వాళ్ళం. మా రాతి చెక్కడాలకి భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది గానీ, రాయి చూడగానే వంక చెప్పే గుర్తింపు మా ఊరికి ఎప్పటినుంచో ఉంది. మావాడు ఆ స్నేహితుడితో మాది శిల్పుల ఊరని గొప్పగా చెప్పి పెట్టాడు. నేను ఉలి పట్టింది లేదు, ఆయుధపూజ నాడు పక్కింటివాళ్ళ ఉలికి బొట్టు పెట్టడం తప్ప. అయినా ఆ కుర్రాడు ఏమంటానా అని నా మొహంలోకి చూస్తుంటే, పరువు కోసం గోడ మీద వేలి మెటికతో రెండుసార్లు కొట్టి, తల పంకించి, "నల్లబడింది" అన్నాను. అతను ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఇసుకరాయి, గాలిలో గంధకం, పొరలు పొరలుగా ఊడిపోవడం. అందుకే చర్చికి సొంత శిల్పుల శాల ఉందట. ఏ రాయి చెడిపోతే ఆ రాయి తీసి, అలాంటిదే కొత్తది చెక్కి పెడతారు. ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చేసరికి మళ్ళీ ఈ చివర పాతబడుతుంది. యుద్ధం తర్వాత చెక్కినవాళ్ళు సరదా పుట్టి, సాధువుల మధ్యలో ఫుట్‌బాల్ ఆటగాళ్ళనీ, కెన్నెడీనీ, కృశ్చేవ్‌నీ కూడా దూర్చేశారట. యూరప్‌లోని ఇలాంటి శాలలని 2020లో యునెస్కో కూడా మెచ్చుకుంది. చర్చిని ఆనుకునే ఆ షెడ్డు. లోపల ఇరవై ఏళ్ళ పిల్ల, చెవులకి మఫ్లు పెట్టుకుని, ఒక రాతి ఆకు చెక్కుతోంది. అది పైన ఎక్కడో పెడతారట. కింద నించున్నవాడికి కనపడదు.

అప్పుడు కాస్త నోరు పడిపోయింది, మావాళ్ళ సంగతి గుర్తొచ్చింది. సాగర్ నీళ్ళ కింద మాకో లోయ ఉంది. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ. 1954 నుంచి 1960 దాకా తవ్వి, పట్టుకోగలిగినవి కొండ మీదికీ, అనుపు అనే చోటికీ చేర్చారు. మిగతాది నీళ్ళలోనే ఉండిపోయింది. నీళ్ళు వద్దని ఎవరనగలరు, ఆ నీళ్ళతోనేగా పల్నాడు నాలుగు ముద్దలు తిన్నది. కానీ ఆ లోయలో బొమ్మలు చెక్కిన చెయ్యి ఇంకా మా వీధుల్లో ఉంది. ఆ చేతికి పని కావాలంటే ఎవరో ఫోను చేసి వినాయకుడో, బుద్ధుడో, పోయిన నాయకుడో కావాలనాలి. అడ్వాన్సు ఇవ్వాలి. ఫైబరు విగ్రహం సగం రేటుకే వస్తోందని మధ్యలో మనసు మార్చుకోకుండా ఉండాలి. కాలేజీకి పోయిన పిల్లలు సుత్తి ముట్టుకోవడం లేదంటే వాళ్ళని నేనేం తప్పుపట్టను. వాళ్ళకి పాఠాలు చెప్పి, చదువుకోండ్రా, ఈ దుమ్ములో ఎందుకురా అన్నది నాలాంటి మాస్టార్లే.

మొన్న మా వీధిలో శిల్పి ఒకతను ఫోటో అడిగి చూశాడు. అతనొక్కడే ఇంకా కట్టలేదా అనలేదు. పరంజా దగ్గర పెద్దది చేసి, కొత్తరాయి ఎక్కడ అతికారో వేలితో చూపించాడు. రంగు తేడా నాకు కనపడలేదు, అతనికి కనపడింది. ఏ రాయని అడిగాడు. ఇసుకరాయన్నాను. పీసు లెక్కా, రోజు కూలీనా అన్నాడు. నెల జీతం అన్నాను, సెలవులు కూడా ఉంటాయన్నాను. ఎన్నేళ్ళ పని అన్నాడు. అయ్యేది కాదన్నాను. ఫోను తిరిగి ఇచ్చి, "పాస్‌పోర్టుకి ఎంతవుద్ది మాస్టారూ?" అన్నాడు.

పదిహేను వందలు అని చెప్పాను. తత్కాల్ అయితే పైన ఇంకో రెండు వేలు.