గాలికి వదిలేసిన ఓడ

2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. ఉక్కు యుద్ధనౌకల నడుమ తరంగిణి, సుదర్శిని ఓడల తెరచాపలు కనబడగానే బీచ్‌రోడ్డు సెల్‌ఫోన్లెత్తింది. మంచిదే. కానీ ఆ పండగ మనది కాదని, సముద్రమే లేని మాచర్లకు ఓడతో ఏం పనని అడిగేవాళ్లకు పల్నాట్లో కొదవలేదు. జవాబు రాతి మీదే ఉంది. నాగార్జునకొండలోని మూడో శతాబ్దపు ఉపాసిక బోధిసిరి శాసనం సింహళ విహారాన్నీ, నేటి ఘంటసాల అయిన కంటకసెలనూ పేరుపెట్టి చెబుతుంది. నాగార్జునకొండ లోయలోనే రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అవి రోము నుంచి ఎడ్లబండెక్కి రాలేదు కదా! అంతకుముందే శాతవాహనులు సీసపు నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడను అచ్చేయించారు.

ఓడ నడిపింది తీరంవాళ్లు, మన గొప్పేమిటని అనొచ్చు. నిజమే, చుక్కాని పట్టింది మనవాళ్లేనని ఎవరూ అనడం లేదు. కానీ సొమ్ము వచ్చి చేరిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడిదే. బ్రహ్మనాయుడు ఓడిన కోడిపందేన్ని తరతరాలుగా మరవని సీమ, ఓడలు తెచ్చిన లాభాన్ని మాత్రం నాగార్జునసాగర్ నీళ్లకొదిలేసింది. మిగిలింది, ద్వీపమైన నాగార్జునకొండ మీది మ్యూజియం. దాన్ని చేరాలంటే లాంచీ ఎక్కాలి. ఈదురుగాలి లేస్తే లాంచీ బంద్. భద్రత కోసం ఆపాల్సిందే, అందులో తగువు లేదు. గాలిని నమ్ముకుని సింహళంతో చుట్టరికం కలుపుకున్న ఊరికి ఇప్పుడు గాలే అడ్డంకి, అంతే. తెరచాప ఎత్తమని ఎవరూ అడగడం లేదు. వచ్చే ఉత్సవాల ఫ్లెక్సీలో నాయకుల మీసాల మధ్య ఆ నాణెం మీది ఓడకు జానెడు చోటిస్తే చాలు.