“కళ్లు పచ్చబడలేదుగా, ఏం కాదులే”

కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు చేసిన రక్త పరీక్షల్లో మా పెదనాన్నకు ‘హెచ్‌సీవీ రియాక్టివ్’ అని వచ్చింది. హెచ్‌సీవీ అంటే హెపటైటిస్ సి వైరస్. ఆపరేషన్ అయింది, చూపు బాగుపడింది, ఆ కాగితం బీరువాలో చీరల కిందికి చేరింది. నాలుగేళ్లకు పొట్టలో నీరు చేరాక మళ్లీ బయటికి తీశాం. ఈలోగానూ, ఆ తర్వాతా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒక సలహా చెప్పారు. ప్రేమతోనే చెప్పారు, కానీ అన్నీ తప్పే. ఇంకో ఇంట్లో ఎవరూ వాటిని నమ్మకూడదని రాస్తున్నాను.

“కళ్లు పచ్చబడలేదుగా, ఏం కాదులే.” అన్నిటికన్నా మాకు చేటు చేసింది ఇదే. హెపటైటిస్ సి సోకిన చాలామందికి కామెర్లు రావు. నీరసం కూడా ఉండకపోవచ్చు. ఇరవై ముప్పై ఏళ్లు చడీచప్పుడు లేకుండా కాలేయం గట్టిపడుతూ పోతుంది. కళ్లు పచ్చబడేదాకా ఆగితే అప్పటికే సిరోసిస్ ముదిరి ఉండొచ్చు.

“ల్యాబ్‌వాళ్లు తప్పు చేసుంటారు, ఇంకోచోట చేయించండి.” చేయించాం. మళ్లీ అదే కార్డు పరీక్ష, మళ్లీ అదే మాట. ఆ పరీక్ష వైరస్‌ను చూడదు, వైరస్ మీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను చూస్తుంది. అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. సోకినవాళ్లలో నూటికి 15 నుంచి 45 మందికి ఆర్నెల్లలోపు మందు లేకుండానే వైరస్ పోతుంది, యాంటీబాడీలు మాత్రం మిగిలిపోతాయి. ఇప్పుడు ఉందో లేదో తేల్చేది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. వైరల్ లోడ్ అంటారు. రియాక్టివ్ అని రాగానే అడగాల్సింది దాన్నే. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వైరస్ సోకిన కొత్తలో అయితే యాంటీబాడీలు తయారవడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, కాబట్టి అప్పుడు కార్డులో నెగెటివ్ వచ్చినా నిశ్చింతగా ఉండకూడదు.

“నేల ఉసిరి పసరు పోయించండి,” అంది మేనత్త. కలుషితమైన నీళ్లతో వచ్చే ఎ, ఇ రకాల కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పసరు మీద నమ్మకం అక్కడ పుట్టింది. ఆర్నెల్లు దాటి ఒంట్లో నిలిచిపోయిన సి వైరస్‌ను పసరు కదిలించలేదు.

“అన్నయ్య ఆ ఇంజెక్షన్లకు తట్టుకోలేడు, పైగా లక్షలవుతాయి,” అన్నాడు బాబాయి. అది ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ల కాలం నాటి మాట. ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలు చాలు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలూ మందులూ ఉచితం. మాత్రలకు ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పకుండా చేయించాలి. అది కూడా ఉంటే ఈ చికిత్సలో తిరగబెట్టే ప్రమాదం ఉంది.

“కంచం, గ్లాసు వేరు పెట్టండి.” ఈ మాటకు ఆయన ఎంత కుంగిపోయారో చెప్పలేను. ఇది రక్తం ద్వారా సోకే జబ్బు, కలిసి తింటే రాదు. వేరు పెట్టాల్సింది బ్లేడు, గోళ్ల కత్తెర, బ్రష్షు.

“కోర్సు అయిపోయిందిగా, ఇంకెందుకు ఆస్పత్రి?” మాత్రలు ఆపిన 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ చూస్తేనే నయమైందని తేలేది. జబ్బు ముదిరినందువల్ల పెదనాన్నకు 24 వారాలు మందులు వాడారు. వైరస్ పోయింది. సిరోసిస్ మాత్రం ఉంది, దాంతోపాటు కాలేయ క్యాన్సర్ భయమూ ఉంది. అందుకే ఆర్నెల్లకోసారి స్కానింగ్. ఆ తేదీని పెద్దమ్మ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి పెడుతోంది.