మెడ తిప్పాలె, హ్యాండిల్ తిప్పొద్దు

జగిత్యాల టవర్ దగ్గర నన్ను కొని, కోరుట్లలో పెండ్లినాడు కట్నం కింద అల్లుడికి అప్పజెప్పారు. నాతోపాటు వచ్చిన గడియారం, రేడియో ఎప్పుడో మూలపడ్డాయి. సైకిల్‌ని నేను మాత్రం అల్లుడి ఊరు సిరిసిల్లలో ఇంకా తిరుగుతున్నాను. మా అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ అయితే 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది!

ఆ అల్లుడు, అంటే మా ఆయన, సాంచెల మీద, అదే మరమగ్గాల మీద పనిచేస్తాడు. షెడ్డులో పన్నెండు గంటల మోత. బయటికొచ్చినా అది చెవులను వదలదు. వెనక లారీ హారన్ కొడితే అందరూ జరుగుతారు, ఈయనకు వినపడదు. అందుకే చెవుల పని మెడకు అప్పగించాడు. గుంత తప్పించాలన్నా, కుడికి మళ్లాలన్నా ముందు భుజం మీదుగా వెనక్కి ఒక చూపు. తర్వాత చెయ్యి చాపడం. ఆ తర్వాతే నా చక్రం మళ్లేది.

చిక్కేమిటంటే, చూపు ఎటు పోతే చేతులూ అటే పోతాయి. సైకిల్ రోడ్డు నడుమకు వాలుతుంది. బిడ్డకు నేర్పేటప్పుడు మైదానంలో సున్నంతో గీత గీసి, దాని మీదే తొక్కమని, తాను వెనక నిలబడి వేళ్లు చూపేవాడు.

"ఎన్ని వేళ్లో చెప్పు బిడ్డా. మెడ తిప్పాలె, హ్యాండిల్ తిప్పొద్దు."

"మూడు బాపూ!" అంటూనే గీత దాటేది. మోచేతులు బిగబట్టడం మానేశాకే ఆ పిల్లకు గీత నిలిచింది.

అంచుకు అతుక్కుని పోతే క్షేమమని చాలామంది భ్రమ. అంచునే ఇసుక, గాజుపెంకులు, ఉన్నట్టుండి తెరుచుకునే కారు తలుపు. ఆగిన కారుకు తలుపంత ఎడం ఉండాల్సిందే. బస్సు టాప్ మీద నన్నెక్కించి అత్తగారింటికి తీసుకెళ్లినప్పుడు, కోరుట్లలో 63వ నంబరు జాతీయ రహదారి మీద ఇంకో సంగతి పట్టుకున్నాం. ఎడమకు తిరిగే లారీ పక్క సందులో దూరొద్దు. దాని వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, ఇంకా లోపలికి కోసుకొస్తాయి.

వానలో నన్నూ నమ్మొద్దు. నావి రాడ్ బ్రేకులు, రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది. మానేరు వంతెన మీద ముందునుంచే మెల్లగా ఒత్తి తడి తుడిచి, అప్పుడు గట్టిగా బ్రేకు పట్టుకుంటాడు.

అద్దం పెట్టించుకోమని నలుగురూ పోరితే పెట్టించాడు. గుంతలకు అది అదిరి ఒక్క లారీ నాలుగు లారీలై కనిపిస్తోంది. తల దువ్వుకోవడానికి మాత్రం బాగా పనికొస్తోంది.