వరస కుదిరితేనే పదవి

చేవెళ్లకు ఎంపీ ఉన్నాడు, ఎమ్మెల్యే ఉన్నాడు. బావ లేడు, మరిది లేడు. 2009లో తొలిసారి లోక్‌సభ ఎన్నిక జరిగిన నాటి నుంచి ఇక్కడ జైపాల్‌రెడ్డి గెలిచారు, కొండా విశ్వేశ్వర్‌రెడ్డి గెలిచారు, రంజిత్‌రెడ్డి గెలిచారు, 2024లో మళ్లీ విశ్వేశ్వర్‌రెడ్డే గెలిచారు. వీళ్లలో ఒక్కరినైనా ‘చేవెళ్ల తమ్ముడు’ అని ఎవరూ ముద్దుగా పిలిచిన పాపాన పోలేదు. చెల్లెమ్మ మాత్రం ఉంది. ‘చేవెళ్ల చెల్లెమ్మ’ అంటే రాష్ట్రమంతా గుర్తుపడుతుంది.

2003 ఏప్రిల్ 9న వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది చేవెళ్లలోనే. అప్పటికే సబితా ఇంద్రారెడ్డి అక్కడి ఎమ్మెల్యే. ఆయన ‘చెల్లెమ్మ’ అన్నారు, జనం చప్పట్లు కొట్టారు, పేరు అతుక్కుపోయింది. ఏడాది తిరిగేసరికి చెల్లెమ్మ గనుల శాఖ మంత్రి అయింది. 2009లో ఉమ్మడి రాష్ట్రానికి తొలి మహిళా హోంమంత్రి అయింది. డీజీపీ నిలబడి సెల్యూట్ కొట్టే కుర్చీ అది. అయినా చెల్లెమ్మే. మన రాజకీయాల్లో ఆడమనిషికి హోదా పెరుగుతుంది గానీ వరస మారదు.

మగవాళ్లను కూడా ‘అన్న’ అంటాం కదా అని మీరు అడ్డుపడతారు, తెలుసు. అంటాం. కానీ ‘అన్న వస్తుండు’ అనగానే స్టేజీ మీద కుర్చీ తుడుస్తారు. ‘అక్క వస్తుంది’ అంటే కుర్చీ వెతుకుతారు. అన్న అనేది పదవి లాంటిది. దాని కింద కారు, కాన్వాయ్, పది మంది పోరగాళ్లు ఉంటారు. చెల్లె అనేది డ్యూటీ. రాఖీ కట్టాలి, హారతి పట్టాలి, అన్న గెలిస్తే కళ్లు తుడుచుకోవాలి, ఓడితే ఇంకోసారి తుడుచుకోవాలి.

ఒక్క సీతక్కను మినహాయిస్తాను. అసలు పేరు దనసరి అనసూయ. ఆ ‘అక్క’ ఎవరో సభలో దయతో తగిలించింది కాదు, ఆమె అడవి నుంచి తెచ్చుకుంది. దాని పక్కన 2022లో ఉస్మానియా ఇచ్చిన డాక్టరేటు కూడా ఉంది. విచిత్రం ఏమిటంటే, డాక్టర్ అనసూయ అని పిలవడానికి మాత్రం మనకు నోరు తిరగదు.

చెల్లెమ్మ తర్వాత మరదలు. ఇదీ చేవెళ్ల కథే. 2021 అక్టోబర్ 20న షర్మిల ఇక్కడి నుంచే పాదయాత్ర మొదలుపెట్టారు. అంతకు ముందు 2012, 13లలో ఆమె ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురం దాకా మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు నడిచారు. నడిచింది ఆమె కాళ్లతో. పేరు మాత్రం ‘జగనన్న వదిలిన బాణం’. బాణానికి కాళ్లుండవు, బొబ్బలెక్కవు, అభిప్రాయాలసలే ఉండవు. ఎవరో సంధించాలి, ఎవరికో గుచ్చుకోవాలి. తెలంగాణలో తనంతట తానే పార్టీ పెట్టుకున్నాక బాణం అనే వీలు లేకుండా పోయింది. మరి ఏమనాలి? ఉద్యోగాల నోటిఫికేషన్ల కోసం ఆమె ప్రతి మంగళవారం దీక్ష చేస్తుంటే, అప్పటి మంత్రి సింగిరెడ్డి నిరంజన్‌రెడ్డి ఆ కొరత తీర్చారు. ‘మంగళవారం మరదలు’ అన్నారు. అడిగింది నోటిఫికేషన్. వచ్చింది వరస.

ఆ వరస ఎంపికలో ఉన్న తెలివిని తక్కువ చేయకూడదు. అమ్మ అంటే దండం పెట్టాలి, అక్క అంటే కాస్త తగ్గాలి, చెల్లె అంటే కాపాడాలి. మరదలంటే ఏ బాధ్యతా లేదు. మన దగ్గర సరసానికి లైసెన్సున్న వరస అదొక్కటే. నిరుద్యోగం గురించి ప్రశ్నిస్తే సరసంతో జవాబు చెప్పొచ్చన్నమాట. ఏడాది గడిచాక, 2022 నవంబర్ 29న హైదరాబాద్ పోలీసులు ఆమె కూర్చున్న కారును ఆమెతో సహా క్రేన్‌కు తగిలించి లాక్కుపోయారు. మరదలికి అది ఏ వరస మర్యాదో శాస్త్రం తెలిసిన పెద్దలు చెప్పాలి.

ఇక అక్క. 2024 జులై 31న శాసనసభలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి, ఎదుటి వరసలోని కేటీఆర్‌కు ఒక సలహా ఇచ్చారు: వెనక కూర్చున్న అక్కలను నమ్ముకుంటే మునిగిపోతావని. వెనక కూర్చున్నది సబిత, సునీతా లక్ష్మారెడ్డి. ఇద్దరూ మాజీ మంత్రులు. పేర్లు చెప్పనక్కర్లేకపోయింది, శాఖలు చెప్పనక్కర్లేకపోయింది, ‘అక్కలు’ అంటే చాలు, సభంతా అటు తిరిగింది. సబిత కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ రాత్రి టీవీల్లో చర్చ ఆమె మాటల మీద జరగలేదు, కన్నీళ్ల మీద జరిగింది. మర్నాడు ఆ అక్కలు మైకు కోసం సభలో నిలబడ్డారు. నిలబడటానికైతే అభ్యంతరం లేకపోయింది.

పార్టీ మారారు కాబట్టి అన్నారు, అందులో ఆడా మగా ఏముంది అనే వాదన ఒకటుంది. సరే. 2018లో కాంగ్రెస్ గుర్తుపై గెలిచి మరుసటి ఏడాది సబిత కారెక్కిన మాట నిజం. అది తిట్టదగ్గ పనే, నేనూ తిడతాను. అయితే అదే చేవెళ్ల ఎమ్మెల్యే కాలె యాదయ్య సంగతి కూడా చూద్దాం. 2014లో కాంగ్రెస్ నుంచి గెలిచి టీఆర్ఎస్‌కు వెళ్లారు. 2023లో బీఆర్ఎస్ నుంచి 268 ఓట్లతో గట్టెక్కారు. 2024 జూన్ చివర్లో ఢిల్లీలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. పక్కనే ఉన్నది ఎవరు? ముఖ్యమంత్రిగారే. అంటే చేవెళ్ల అన్న రెండోసారి గోడ దూకి వస్తే ఢిల్లీలో చేయందించి, నెల తిరిగాక హైదరాబాద్‌లో అక్కలను నమ్మొద్దని హితబోధ. మగవాడు పార్టీ మారితే నియోజకవర్గ అభివృద్ధి. ఆడది మారితే గుణం.

ఈ గుణాల లెక్క ఇక్కడికి పక్కనే ఉన్న మొయినాబాద్‌కు బాగా తెలుసు. 2022 అక్టోబర్‌లో అక్కడి ఫాంహౌజ్‌లో ఎమ్మెల్యేల కొనుగోలుకు బేరమాడారన్న కేసు దేశమంతా మోగింది. బేరానికి పిలిచారన్న నలుగురు ఎమ్మెల్యేలూ మగవాళ్లే. అక్కలను నమ్మకూడదు కదా, కొనడానికి కూడా నమ్మలేదు కాబోలు. ‘అన్నలను నమ్ముకుంటే ఫాంహౌజే’ అని ఆ రోజుల్లో ఏ సభలోనూ ఎవరూ అనలేదు.

అక్కల కోసం ఆ పూట గుండెలు బాదుకున్న పార్టీ చరిత్ర కూడా చిన్నదేం కాదు. తెలంగాణ వచ్చిన 2014 జూన్ 2 నుంచి 2019 సెప్టెంబర్ 8 దాకా, అంటే ఐదేళ్ల మూడు నెలల పాటు, రాష్ట్ర మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషి లేదు. బతుకమ్మ చీరలకు బడ్జెట్ దొరికింది, చీర కట్టుకున్న మంత్రికి కుర్చీ దొరకలేదు. చివరికి సత్యవతి రాథోడ్‌తో పాటు ఆ లోటు తీర్చింది కూడా ఈ చెల్లెమ్మే. ఇక అసెంబ్లీలో అక్కల అవమానానికి భగ్గుమన్న కేటీఆర్, సరిగ్గా పదిహేను రోజులకు, ఆగస్టు 15న, ఉచిత బస్సుల్లో ఆడవాళ్లు బ్రేక్ డ్యాన్సులు చేసుకోవచ్చన్నట్టు మాట్లాడారు. ఆ తర్వాత విచారం వ్యక్తం చేశారు, మహిళా కమిషన్ ముందు హాజరయ్యారు. అవమానం ఒకటే; ఎవరి నోటి నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి అది మహిళాలోకానికి తగిలిన గాయమో, పొరపాటున జారిన మాటో అవుతుంది.

ఇంకో మాట చిరకాలంగా వింటున్నాను: సబితది సానుభూతి సీటు అని. 2000లో ఇంద్రారెడ్డి రోడ్డు ప్రమాదంలో పోయాక ఉపఎన్నికలో గెలిచారు, ఆ ఓట్లలో సానుభూతి ఉంది, ఎవరు కాదన్నారు? కానీ 2004లో చేవెళ్ల, 2009లో మహేశ్వరం, 2018, 2023లలో మళ్లీ మహేశ్వరం. ఇరవై మూడేళ్ల పాటు పాడైపోని సానుభూతిని ఏ ఫ్రిజ్‌లో దాచారో! అదే కొడుకు తండ్రి సీట్లో కూర్చుంటే దానికి వేరే పేరుంది. వారసత్వం.

మొయినాబాద్‌లో జీవో 111 అంటే పిల్లాడికి కూడా తెలుసు. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టిన ఆ జీవో తేదీ 1996 మార్చి 8. మహిళా దినం. అదే ఏడాది సెప్టెంబర్‌లో మహిళా రిజర్వేషన్ బిల్లు తొలిసారి పార్లమెంటు ముందుకొచ్చింది. ఈ కవలల జాతకం కూడా ఒకటే. జీవో కాగితం మీద ఉండగానే చుట్టూ ఫాంహౌజ్‌లు లేచాయి. బిల్లు 27 ఏళ్లు తిరిగి తిరిగి 2023లో చట్టమైంది. జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని ఆ చట్టంలోనే రాసుకున్నారు. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటే అమెరికా వీసా వస్తుందంటారు. అసెంబ్లీకి వీసా ఎన్ని ప్రదక్షిణలకు వస్తుందో గానీ, 2023లో 119 మందిలో పది మందికే వచ్చింది.

ఊళ్లలో మాత్రం సగం సీట్లు ఆడవాళ్లవే, చట్టం ఉంది. పక్కనే మొగుడు కూడా ఉన్నాడు. ఆయనే సర్పంచ్ సాబ్. ఫ్లెక్సీ మీద తెల్లచొక్కాలో నిలువెత్తు దండం పెడుతుంటాడు. గెలిచిన మనిషి కింద మూలన, పాస్‌పోర్ట్ సైజులో, రేషన్ కార్డు చూపుతో. తెలంగాణలో చెక్కు మీద సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి. అక్కడ సాబ్ పెన్ను పనిచేయదు కాబట్టి ఆ ఒక్క పూట ఆమెను వంటింట్లోంచి పిలుస్తారు.

ఇదంతా పెద్ద మనిషిలా రాస్తున్నాను గానీ, నేనేం తక్కువ తిన్నానని? కొన్నేళ్ల కిందట మొయినాబాద్ దాటాక ఒక ఊరికి ఏదో సంతకం పని మీద వెళ్లాను. వాకిట్లో ఒకామె పీట మీద కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. ముందు తడి గోనెపట్టా, పక్కన అరటి నార, తెల్లవారి మార్కెట్‌కు పోయే గంప. నేను గడప దగ్గరే నిలబడి, “సర్పంచ్ సాబ్ ఉన్నడా అక్కా?” అన్నాను.

ఆమె కట్ట బిగించి, మిగిలిన నారను పంటితో తెంపింది.

“నేనే సర్పంచ్‌ను. పనేందో చెప్పు, వరస తర్వాత కలుపుకుందం.”