చాయ తక్కువ బీరు

డాలస్‌లో మా మేనల్లుడికి రాత్రిళ్లు తోచదు. అందుకని తిరుమలగిరిలో నాకు పొద్దున్నే కాఫీ దిగదు.

"మామయ్యా, బీరుకి లైట్ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడిది కొననా, పాకం కొననా?"

లాల్‌బజార్‌లో పాలప్యాకెట్ పట్టుకుని నిలబడ్డ మనిషిని అడగాల్సిన మాటేనా ఇది? ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే ఎక్సైజువాళ్లొస్తారు. అక్కడ 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం చలవతో పన్ను లేకుండా ఏడాదికి 100 గ్యాలన్లు కాచుకోవచ్చు; ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 200. పెళ్లి చేసుకోరా, కోటా రెట్టింపవుతుందంటే వినడు.

వాడి బాధంతా రంగు గురించే. పాకం డబ్బాలో పాతబడితే నల్లబడుతుందట. పొడి నయమట, కానీ గంటసేపు మరిగిస్తే అదీ రంగు తిరుగుతుందట. అందుకని సగానికి పైగా పొయ్యి కట్టేసే ముందే కలపాలట. పిల్సెన్ రకం రంగు లోవిబాండ్ కొలతలో 2, గోల్డెన్ లైట్‌ది 4; అంకె పెరిగితే ముదురు. మొన్న 19 లీటర్ల వాయి మొత్తం సింకులో పోశాడు. రుచి బాగానే ఉందట. మరెందుకురా అంటే, "కొంచెం నల్లబడింది మామయ్యా!"

ఈ లోవిబాండ్ ఇంగ్లండులో బీరు కాచే ఆసామి. రంగు గాజుపలకలతో పోల్చి, బీరు చాయకి అంకె వేసే పరికరం పెట్టి 1885లో కంపెనీయే తెరిచాడు. మనవాళ్లకి అంత సరంజామా ఎందుకు? పెళ్లిచూపులకి ఒక మేనత్తని తీసుకెళితే చాలు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అంకె వేసేసేది. ట్యూబ్‌లైటు కింద ఒకసారి, కాఫీ అందుకుంటూ కిటికీ వెలుగులో ఒకసారి, చేతులు కడుక్కునే నెపంతో పెరట్లో అసలైన ఎండలో మరోసారి. మొహానికి పౌడరుంటుంది కాబట్టి మోచేతులు చూసేది. మోచేతులకీ పౌడరు రాసే తల్లులుంటారు కాబట్టి పిల్ల తమ్ముణ్ణి పిలిపించి వాణ్ణీ చూసేది. "పిల్ల లక్షణంగా ఉంది" అందంటే 2. "ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం" అందంటే 4 దాటినట్టు.

అలా చూడ్డానికి పిలిపించిన తమ్ముణ్ణి నేనే. ఆ ఉత్తరాలు రాని ఇల్లు మాదే. అక్క పలహారాల పళ్లెం పెట్టి లోపలికెళ్లగానే మాట కట్నం మీదికి మళ్లేది. చాయ తగ్గినకొద్దీ అంకె పెరిగేది. చివరికి నాన్న పొలం అమ్మాడు. ఆ అక్క కొడుకే ఈ బీరుగాడు. వాడికివన్నీ ఎవరూ చెప్పలేదు. చెబితే మాత్రం సింకులో పోసింది తిరిగొస్తుందా?

మా అక్క చాయ ఎవరు ఏ వెలుగులో చూసినా 4 దాటదు. వచ్చినవాళ్లందరికీ 2 కావాలి, అంతే.